ఒక మెయిలు, నలుగురు మనుషులు

మిమ్మల్నే అడుగుతున్నాను. ఇక్కడ అమెరికాలో, హెర్న్‌డన్‌లో అద్దాల బిల్డింగుల్లో కూర్చుని ఫారాలు తయారుచేసే మన తెలుగు ఇంజనీర్లనే. ఈ-మెయిల్ ఉంటేనే మనిషి అని మీకెవరు చెప్పారు? ఒక మెయిలుకి ఒక్కడే మనిషి అని ఏ ఊళ్ళో చూశారు? మీరు హాస్టల్లో చదువుకున్న రోజుల్లో ఇంటికి ఫోన్ చేస్తే ఎవరింట్లో మోగేది? ఎదురింట్లో మోగేది. వాళ్ళు వెళ్ళి మీ అమ్మను పిలుచుకొచ్చేవాళ్ళు. అదంతా మరిచిపోయి ఫారం రాశారు. రాసింది మీరు, రాయించింది మీ మేనేజర్లు. నింపాల్సిన పని మాత్రం లీలావతి మీద పడింది. ఈ ఏడే, 2002 మార్చిలో ఏం జరిగిందో చెబుతాను, అన్నం తింటూనే వినండి. ఆ అన్నం వడ్డించింది కూడా ఆమే.

సోమవారం పొద్దున పని మొదలుపెట్టడానికి కార్డు గుద్దే గడియారం పక్కన ఒక నోటీసు అంటించి ఉంది. మీ ఆఫీసు కింది అంతస్తులో ఉన్న కెఫెటీరియాని ఏప్రిల్ ఒకటి నుంచి కొత్త కంపెనీ నడుపుతుంది. ఇప్పుడున్న పనివాళ్ళు కూడా మళ్ళీ అప్లై చేసుకోవాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే. శుక్రవారం సాయంత్రం ఐదు వరకే.

లీలావతి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని నోటీసును మూడుసార్లు చదివింది. ఆమెకు యాభై రెండేళ్ళు. ఆరేళ్ళుగా వేడి కౌంటర్ దగ్గర నిలబడి గరిటె పడుతోంది. ఎవరు కూర ఎక్కువ వేయమంటారో, ఎవరు అన్నం తగ్గించమంటారో ముఖం చూసి చెప్పగలదు. ఆరేళ్ళ తర్వాత ఇప్పుడు, నువ్వెవరివో చెప్పు అంటున్నారు.

"ఆన్‌లైన్ అంటే ఏందక్కా? లైన్ల నిలవడుడేనా?" అన్నాడు వెనకనుంచి రంగయ్య. అంట్లు కడిగే మిషన్ దగ్గర అతని పని. మోచేతుల దాకా తడి, కళ్ళద్దాల మీద ఆవిరి. "లైన్ల నిలవడమంటే నేను రెడీ. రేషన్ షాపుల నిలవడ్డోణ్ణి."

"కంప్యూటర్‌లో రంగయ్యా. నింపకపోతే ఉద్యోగం లేనట్టే."

"మరి నీకొచ్చా?"

"రాదు."

"నాకూ రాదు. ఇగ మనిద్దరం పోటీల సమానమే."

సలాడ్ దగ్గర ఉండే జయంతి, శాండ్‌విచ్‌లు చుట్టే మార్తా కూడా వచ్చి నోటీసు చూశారు. జయంతి వారానికి మూడు రోజులే ఇక్కడ. మిగతా రోజులు పక్క ఊరు రెస్టన్‌లో ఇళ్ళు శుభ్రం చేస్తుంది. మార్తాది ఎల్ సాల్వడార్. నోటీసు చివర ఉన్న తేదీ మీద వేలు పెట్టి లీలావతి వైపు చూసింది. నలుగురిలో ఇంగ్లీషు చదవగలిగింది లీలావతే. అంటే ఆ పని ఆమెదే. ఎవరూ అడగలేదు, ఆమే తీసుకుంది.

ఆ మధ్యాహ్నం మూడింటికి పని అయ్యాక జుట్టుకి కట్టిన వల తీసి సంచిలో పడేసి, నడుచుకుంటూ లైబ్రరీకి వెళ్ళింది. అక్కడ గోడవారగా మూడు కంప్యూటర్లు ఉన్నాయి. కార్డుకి అరగంట. వాటిని చూసుకునే ఆవిడ పేరు డోనా. తెల్లబడిన జుట్టు, మెడలో గొలుసుకి కళ్ళజోడు. ఆవిడకో పద్ధతి ఉంది. నేర్పేటప్పుడు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. మౌస్‌ని తను ముట్టుకోదు.

"నేను ముట్టుకుంటే నేర్చుకునేది నేనే, మీరు కాదు" అంది.

లీలావతి మౌస్‌ని చపాతీ కర్ర పట్టినట్టు గట్టిగా పట్టింది. తెర మీద బాణం ఒక మూలకి పరిగెత్తి మాయమైంది. చెయ్యి లాగితే మౌస్ బల్ల అంచుకి వచ్చేసింది, బాణం మాత్రం ఇంకా సగం దూరంలోనే ఉంది. ఇప్పుడేం చెయ్యాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చుంది.

"ఎత్తి మళ్ళీ మధ్యలో పెట్టండి. ఏం కాదు."

ఎత్తింది. పెట్టింది. బాణం కదలకుండా ఆమె కోసం అక్కడే ఆగి ఉంది. అప్పుడు మొదటిసారి నవ్వింది.

తర్వాత డోనా నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ తెరిపించింది. పైన పొడుగు గడి. అందులో అడ్రసు కొట్టి ఎంటర్ నొక్కాలి. నొక్కింది. కుడివైపు మూల N అనే పెద్ద అక్షరం మీద చుక్కలు రాలడం మొదలైంది. చుక్కలు రాలుతున్నంతసేపూ పేజీ వస్తున్నట్టు. ముందు మాటలు వచ్చాయి, తర్వాత బొమ్మ పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా, ఎవరో తెర దించుతున్నట్టు దిగింది. నీలం రంగులో కింద గీతతో మాటలున్నాయి. వాటి మీదికి పోతే బాణం కాస్తా చిన్న చెయ్యి అయ్యింది.

"చెయ్యి వచ్చిందంటే అది తలుపు. నొక్కి లోపలికి వెళ్ళొచ్చు."

నొక్కింది. ఇంకో పేజీ. అక్కడొకటి నొక్కింది. ఇంకో పేజీ. ఎక్కడికొచ్చిందో తెలియక భయమేసింది. పైన ఎడమ మూలనున్న వెనక్కి వెళ్ళే బొత్తాన్ని డోనా గడ్డంతో చూపించింది. నొక్కితే వచ్చిన దారినే వెనక్కి తీసుకొచ్చేసింది. ఆ బొత్తాన్ని లీలావతి ఊరికే నాలుగైదుసార్లు నొక్కి చూసుకుంది. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ.

"ఇది బాగుంది. తప్పు చేసినా ఇంటికి రావొచ్చు" అంది.

అరగంట అయిపోయింది. ఎవరూ ఎదురుచూడటం లేదని డోనా ఇంకో అరగంట ఇచ్చింది. ఆ అరగంటలో లీలావతికి ఒక ఈ-మెయిల్ అడ్రసు తయారైంది. పేరు, చివర పుట్టిన సంవత్సరం. చీటీ మీద రాసుకుని పర్సులో పెట్టుకుంది.

మంగళవారం అన్నం ట్రేలు దించుతూ ఆ మాట చెబితే రంగయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మరి మాకు మెయిల్ ఎట్లక్కా?"

"చేసుకోవాలి. ఒక్కొక్కరికీ అరగంట పడుతుంది."

"అరగంటెందుకు? నీదే వెయ్యి. మా అపార్ట్‌మెంట్ల ఆరుగురం ఉంటం. కింద డబ్బా ఒక్కటే. ఎవని ఉత్తరం వాడు తీస్కుంటడు. ఇన్నేండ్లల్ల ఒక్కటి గూడ పోలే."

జయంతి కూడా తలూపింది. "అవునక్కా, మీ కేరాఫ్ పెట్టండి. మాకేమన్నా వస్తే మీరే చెబుతారుగా."

లీలావతికి అందులో వింతేమీ కనిపించలేదు. మీలో ఎవరికైనా కనిపించేదా, మెయిల్ అంటే ఉత్తరమని నమ్మిన రోజుల్లో? ముగ్గురూ తలా ఒక చీటీ రాసి ఇచ్చారు. పేరు, పుట్టిన తేదీ, చేసిన పనులు.

మంగళవారం తన ఫారం నింపింది. మొదటి పేజీలో ఒకే గడి, ఈ-మెయిల్. అది కొడితేనే రెండో పేజీ వస్తుంది. ఒక్కో అక్షరాన్నీ కీబోర్డు మీద వెతుక్కుంటూ కొట్టింది. ఫారం అడుగున బొత్తాం కనిపించక అయిపోయిందనుకుని లేవబోతే, పక్కనున్న కడ్డీని కిందికి లాగమని డోనా చెప్పింది. లాగితే కింద ఇంకా సగం ఫారం ఉంది.

బుధవారం మిగతా ముగ్గురివీ మొదలుపెట్టింది. మెయిల్ కొట్టగానే తెర మీద పెద్ద అక్షరాలు వచ్చాయి. మళ్ళీ వచ్చినందుకు సంతోషం, లీలావతీ!

మర్యాదస్తులే, అనుకుంది.

తర్వాత వచ్చిన ఫారంలో గడులన్నీ నింపి ఉన్నాయి. తన పేరు, తన తేదీ, తన ఆరేళ్ళ పని. ఆమె ఆశ్చర్యపోలేదు. తెనాలిలో మండలాఫీసు బయట అర్జీలు రాసిపెట్టే ఆయన, ఇదుగో ఇలా రాయాలమ్మా అని నింపిన ఫారమొకటి బల్ల అద్దం కింద పెట్టేవాడు. ఇదీ అలాంటి ఏర్పాటేననుకుంది. నమూనా చూపించి, మీద దిద్దుకోమంటున్నారు. మంచి పద్ధతి. వెనక్కి చెరిపే మీట మీద వేలు పెట్టి తన పేరును చివరి అక్షరం నుంచి మొదటిదాకా చెరిపింది. రంగయ్య పేరు కొట్టింది. అది పంపాక అతని పేరు చెరిపి జయంతి పేరు. ఆమెదీ అయ్యాక మార్తాది. ప్రతి గడినీ రెండుసార్లు చూసుకుంది. ఒక్క తప్పు లేదు. డోనా అప్పుడు అవతలి గదిలో పిల్లలకి పుస్తకాలు ఇస్తోంది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని మెడ నొక్కుకుంది. వంద ప్లేట్లు వడ్డించినా ఇంత నొప్పి పుట్టదు. కానీ నలుగురి పనీ అయింది.

గురువారం పొద్దున పనికి వెళ్ళేముందు లైబ్రరీ తీయగానే మెయిల్ చూసుకుంది. కొత్త కంపెనీ నుంచి ఒక ఉత్తరం. ప్రియమైన మార్తా, మంగళవారం పది గంటలకి ఇంటర్వ్యూ. మార్తాకి మాత్రమే. మధ్యాహ్నం అన్నం గరిటె పట్టుకుని నిలబడిందే గాని మనసంతా అక్కడే ఉంది.

లైన్‌లో రఘువీర్ వచ్చాడు. పై అంతస్తులో ప్రోగ్రామర్. ఖమ్మం నుంచి వచ్చి చదువు పూర్తిచేసి రెండేళ్ళుగా ఇక్కడే పని. "ఆంటీ, పప్పు కొంచెం ఎక్కువ" అంటాడు రోజూ. ఆ రోజు ఆమె గరిటె ఎత్తకుండా సంగతంతా చెప్పింది.

అతను నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, అలవాటు నవ్వు. "ఆంటీ, ఒక మెయిల్‌కి ఒకే రికార్డ్. మీరు ఓవర్‌రైట్ చేసేశారు. లాస్ట్‌లో ఎవరిది కొట్టారు?"

"మార్తాది."

"అయితే ఆమెదొక్కటే ఉంటుంది. మీ ముగ్గురివీ లేవు."

"లేకపోవడమేంటి బాబూ, నేను పంపితే?"

"మీరు పంపింది నిజమే ఆంటీ. తర్వాత మీరే చెరిపేశారు."

వెనకనున్నవాళ్ళు ప్లేట్లు పట్టుకుని చూస్తున్నారు. లీలావతి పప్పు పోసింది. ప్లేటు అంచు దాటి ట్రేలో పడింది. ఆరేళ్ళలో మొదటిసారి.

"నీకెలా తెలుసు ఇదంతా?"

రఘువీర్ మెడలో బ్యాడ్జిని వేళ్ళతో తిప్పాడు. "ఆ సైట్ మా టీమే రాసింది ఆంటీ. పాస్‌వర్డ్ పెడదాం, వార్నింగ్ ఇద్దాం అన్నాను. టైమ్ లేదన్నారు."

"అయితే నువ్వే సరిచెయ్యి."

"డేటా ముట్టుకోకూడదు. నా మెషీన్ నుంచి చేసినా లాగ్‌లో పడుతుంది, నేనేనని తెలిసిపోతుంది. ఇప్పుడు లేఆఫ్స్ టైమ్ ఆంటీ, మీకు తెలుసుగా... రేపు నాలుగున్నరకి లైబ్రరీకి వస్తాను. కొత్త మెయిల్స్ చేద్దాం."

ఆ సాయంత్రం లైబ్రరీలో కంప్యూటర్లన్నీ క్లాసుకి ఇచ్చేశారు. జయంతికి గురు, శుక్రవారాలు ఇక్కడ పని లేదు, ఫోనూ లేదు. లీలావతి ఆమె ఉండే అపార్ట్‌మెంట్ దాకా నడిచి వెళ్ళి తలుపు కొట్టింది. ఎవరూ పలకలేదు. చీటీ రాసి తలుపు కిందినుంచి తోసింది. రేపు పని వదిలేసైనా సరే లైబ్రరీకి రా.

శుక్రవారం నాలుగింటికి గాని ఒక కంప్యూటర్ ఖాళీ కాలేదు. రంగయ్య ముందు కూర్చున్నాడు. లీలావతి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"అక్కా, నువ్వే కొట్టరాదే."

"నేను కొట్టినందుకే కదా పోయింది. నువ్వే కొట్టు."

అంట్లు తోమి తోమి మొద్దుబారిన వేలు. ఒక్కో మీట మీద ఆగి, గాలి పీల్చుకుని, దిగుతోంది. మెయిల్ అడ్రసుకి పేరు కొడితే ఆ పేరు ఇంకెవరో తీసుకున్నారంది. "నా పేరు ఎవడు తీస్కున్నడు?" అని గట్టిగా అన్నాడు. పక్కన చదువుకునే ముసలాయన తలెత్తి చూశాడు. చివర ఊరి పేరు కలిపితే ఒప్పుకుంది. అతని ఫారం వెళ్ళేసరికి నాలుగూ నలభై. లీలావతి గుమ్మం వైపు చూసింది. జయంతి రాలేదు. రఘువీర్ వచ్చాడు.

లీలావతి తన కార్డు ఇచ్చి కూర్చుంది. బల్ల మీద జయంతి చీటీ పరిచి పెట్టింది. కొత్త మెయిల్ చేసే పేజీ అడ్రసు కొట్టింది. చుక్కలు రాలుతున్నాయి. పేజీ సగం దిగి ఆగింది. నాలుగూ నలభై ఆరు. నలభై తొమ్మిది.

రఘువీర్ వంగి, గొంతు తగ్గించి అన్నాడు. "ఆంటీ, ఇంక టైమ్ లేదు. పాత మెయిల్‌తోనే వెళ్ళిపోండి. రెండు నిమిషాల్లో అయిపోతుంది."

"పాత మెయిల్‌లో మార్తా ఉంది."

అతను గోడ గడియారం వైపు చూశాడు.

"మార్తాని చెరిపేసి నన్ను రాయమంటావా?"

"అలా కాదు ఆంటీ..."

"ఇంకెలా?"

రంగయ్య ముందుకొచ్చాడు. "తమ్మీ, నీకు మెయిల్ లేదా?"

చాలా చిన్న ప్రశ్న. రెండు రోజుల నుంచి ఆ ప్రశ్న రఘువీర్‌కి తట్టలేదు. లేదా తట్టినా పక్కకి నెట్టేశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. పెన్ను తీసి చీటీ మీద తన మెయిల్ రాశాడు.

"ఇది నా పర్సనల్. వాడుకోండి."

"ఆఫీసుది గూడ ఉంటది గద? గది జయంతికియ్యి."

"అది ఇవ్వలేను అంకుల్." అతను బ్యాడ్జిని గుప్పిట్లో పట్టుకున్నాడు. "జాబ్ పోతే వీసా పోతుంది. మొన్ననే నలుగుర్ని పంపించేశారు. అది మాత్రం అడక్కండి."

నాలుగూ యాభై ఒకటి. ఒక మెయిలు, ఇద్దరు మనుషులు. లీలావతి ఎడమవైపు జయంతి చీటీ. కుడిచేతి కింద మౌస్. జయంతికి వారానికి మూడు రోజుల పని. తనకి ఐదు. జయంతి వయసు ముప్పై నాలుగు, ఇంకో చోట దొరుకుతుంది. తనకి దొరకదు. ఇవన్నీ నిజాలే. ఇన్ని నిజాలు వెతుక్కుంటోందంటే ఏం చేయబోతోందో ఆమెకి అప్పటికే తెలుసు.

తన పేరు కొట్టింది.

రంగయ్య పుస్తకాల అల్మరా వైపు తిరిగి నిలబడ్డాడు. కడ్డీ కిందికి లాగి, బొత్తాం నొక్కింది. చుక్కలు రాలాయి. అందిందని తెర మీద వచ్చేసరికి నాలుగూ యాభై తొమ్మిది. జయంతికి ఇంకేదైనా దారి ఉందేమోనని వెంటనే వెనక్కి బొత్తాం నొక్కింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మొదటి పేజీ వచ్చింది. ఈ-మెయిల్ గడి లేదు. దరఖాస్తుల గడువు ముగిసింది, మీ ఆసక్తికి ధన్యవాదాలు.

సోమవారం మధ్యాహ్నం రఘువీర్ ప్లేటు తీసుకోకుండా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. తన మెయిల్‌కి వచ్చిన ఉత్తరం ప్రింటు తీసి తెచ్చాడు. మంగళవారం పదిన్నరకి లీలావతికి ఇంటర్వ్యూ.

"జయంతి సంగతేంటి బాబూ?"

"సైట్‌లో తప్పుందని ఆఫీసులో ఫిర్యాదు రాసి పెట్టాను ఆంటీ. నా పేరుతోనే పెట్టాను. మేనేజర్ గంటలో దాన్ని మూసేశాడు. డిజైన్ ప్రకారమే పనిచేస్తోంది అని రాశాడు."

ఆమె ప్లేటు తీసి అన్నం పెట్టి అతని చేతికిచ్చింది. పప్పు ఎక్కువే పోసింది. సలాడ్ దగ్గర జయంతి కీరదోసకాయలు తరుగుతోంది. రెండు రాత్రులూ రెస్టన్‌లో పనిచేసే ఇంట్లోనే ఉండిపోయింది, తలుపు కింద తోసిన చీటీ ఆమెకి శనివారం దొరికింది. పొద్దున్నే లీలావతి ఆమె ముందు నిలబడి, ఉన్న ఒక్క మెయిల్‌లో నా పేరే కొట్టాను, నీది కాదు, అని చెప్పేసింది. జయంతి తరగడం ఆపలేదు. "నేనైనా అంతే చేసేదాన్నిలే అక్కా" అంది. ఆ రోజు అన్నం మాత్రం వేరే బల్ల దగ్గర తింది.

మంగళవారం ఇంటర్వ్యూ కెఫెటీరియాలోనే, కిటికీ పక్క బల్ల దగ్గర. కొత్త కంపెనీ మేనేజరమ్మ చాలా మర్యాదగా ఉంది. లీలావతి ఫారం చూసి మెచ్చుకుంది.

"చాలా శుభ్రంగా నింపారు. మా వెబ్‌సైట్ తేలిగ్గా ఉంది కదా? అందరూ అదే అంటున్నారు."

"అందరూ అంటే మీ దగ్గరిదాకా వచ్చినవాళ్ళు" అంది లీలావతి. ఇంగ్లీషులో, ఆగి ఆగి. "నేను ముగ్గుర్ని చెరిపాను. మొదట నన్నే చెరుపుకున్నాను. జయంతి అని, అదుగో, ఆ సలాడ్ దగ్గర. నాలుగేళ్ళుగా ఉంది. ఆమె పేరు రాసుకోండి."

"అప్లికేషన్లు మూసేశాం. సిస్టమ్ ఒప్పుకోదు."

"సిస్టమ్‌ని కాదు, మిమ్మల్ని అడుగుతున్నాను. ఆమె ఇరవై అడుగుల దూరంలో ఉంది. మీ చేతిలో పెన్ను ఉంది."

"తర్వాతివాళ్ళు ఎదురుచూస్తున్నారండీ."

తర్వాతివాడు రంగయ్య. ఎప్పుడొచ్చాడో, వెనకే నిలబడి ఉన్నాడు. "నాకేం తొందర లేదు మేడం" అన్నాడు తెలుగులోనే. లీలావతి కుర్చీలోంచి లేవలేదు. మేనేజరమ్మ గడియారం చూసింది, ఫారం చూసింది, చివరికి కాగితం వెనక పేరు రాసుకుంది. పది క్షణాలు పట్టింది. చూస్తామంది, మాట ఇవ్వలేదు. ఏప్రిల్ ఒకటిన సలాడ్ దగ్గర వేరే అమ్మాయి ఉంది.

ఒక రఘువీర్ సగం ధైర్యం చేశాడు కాబట్టి ఒకామె పనిలో నిలబడింది. మిగతా సగం చేయలేదు కాబట్టి ఇంకొకామె పని పోయింది. అతన్ని తిట్టను. భయపెట్టి పని చేయించుకునేవాళ్ళనే తిడతాను. కానీ మీరు ఇంతమంది ఉన్నారు, అందరూ ఒకేసారి నోరు విప్పితే ఎంతమందిని పంపించేస్తారు?

ఆ ఫారం ఇంకా మీ సర్వర్ మీదే ఉంది. మెయిల్ లేనివాళ్ళకి అందులో దారి పెట్టండి. పేరు చెరిగిపోయే ముందు, చెరిగిపోతుందని చెప్పండి. బల్ల మీద కాగితం పెట్టండి, దాన్ని తీసుకోవడానికి ఒక మనిషిని కూర్చోబెట్టండి. పై వారం కాదు, తర్వాతి రిలీజ్‌లో కాదు. ఇక జయంతికి మెయిల్ లేదు, ఫోన్ లేదు. మీలో ఎవరో ఒకరు లేచి, కారు తీసి, ఆమె ఉన్నచోటికి వెళ్ళి, తలుపు కొట్టి పనికి పిలవండి. ఇవాళే వెళ్ళండి.